తుప్పు పట్టిన కారు చక్రాల పునరుద్ధరణ

కారు చక్రాల మీద పేరుకున్న తుప్పును, పాడైన పాత రంగును తొలగించి, లోహాన్ని శుభ్రం చేసి, కొత్త రక్షణ పూత వేసే పనిని చక్రాల పునరుద్ధరణ అంటారు. ఈ అవసరం ఎక్కువగా ఉక్కు చక్రాలకు, అంటే వాడుకలో స్టీల్ రిమ్ములకు వస్తుంది. అల్యూమినియంతో చేసిన అల్లాయ్ చక్రాలు కూడా చెడతాయి కానీ వాటి జబ్బు వేరు, వైద్యం వేరు. పనిని ఇంటి దగ్గరే వైర్ బ్రష్, వాటర్ పేపర్, స్ప్రే డబ్బాలతో చేసుకోవచ్చు. శాండ్ బ్లాస్టింగ్, పౌడర్ కోటింగ్ చేసే వర్క్‌షాపులో చేయించుకోనూ వచ్చు. ఎవరు చేసినా కొత్త పూత ఎన్నాళ్లు నిలుస్తుందనేది రంగు ఖరీదు మీద కన్నా దాని కింద లోహం ఎంత శుభ్రపడిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పైగా చక్రం బండి బరువును మోస్తూ, బ్రేకు వేడిని, గోతుల దెబ్బలను తట్టుకునే భాగం. కాబట్టి రంగు ఎక్కడ వేయకూడదో, ఏ చక్రాన్ని బాగుచేయకుండా పాత ఇనుముకు వేసేయాలో తెలియడం ఈ పనిలో సగభాగం.

చక్రం నిర్మాణం

ఉక్కు చక్రంలో రెండు ముక్కలుంటాయి. టైరు కూర్చునే వలయం రిమ్ము. హబ్‌కు బిగించే మధ్య పళ్లెం డిస్క్. ఉక్కు రేకును గుండ్రంగా వంచి, కొసలు కలిపి వెల్డ్ చేసి, రోలర్ల మధ్య నడిపి రిమ్ముకు ఆకారం తెస్తారు. డిస్క్‌ను ప్రెస్సులో నొక్కి తయారుచేసి, రిమ్ము లోపల దిగ్గొట్టి వెల్డ్ చేస్తారు. ఈ రెండూ కలిసే చోట సన్నని సందు మిగులుతుంది. నీరు, బురద చేరి ఆరకుండా ఉండేది అక్కడే. చాలా చక్రాల్లో తుప్పు మొదలయ్యేదీ అక్కడే.

పునరుద్ధరణకు సంబంధించి చక్రంలో నాలుగు చోట్లను గుర్తుపెట్టుకోవాలి. మొదటిది టైరు అంచు, అంటే బీడ్, వచ్చి ఆనుకునే పట్టీ. ట్యూబ్‌లెస్ టైరులో గాలి నిలిచేది ఈ ఆనికతోనే. రెండోది నట్లు కూర్చునే గుంటలు. కొన్ని కార్లలో ఇవి శంకువు ఆకారంలో, కొన్నిటిలో గోళాకారంలో ఉంటాయి. మూడోది హబ్‌కు ఆనుకునే చదునైన వెనుక ముఖం. నాలుగోది హబ్ మీద కూర్చునే మధ్య రంధ్రం. బయటికి కనిపించే ముఖభాగం అందానికి ముఖ్యమైతే, ఈ నాలుగూ భద్రతకు ముఖ్యం.

అల్లాయ్ చక్రాల్లో ఎక్కువ భాగం ఎ356 అనే అల్యూమినియం మిశ్రలోహంతో పోతపోసినవి. ఇందులో సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. పోత తర్వాత చక్రాన్ని 530-540 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేసి, నీటిలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. చక్రానికి బలం వచ్చేది ఈ ఉష్ణ చికిత్సతోనే. తర్వాత ఎవరైనా దాన్ని అడ్డదిడ్డంగా వేడిచేస్తే ఆ బలం తగ్గిపోతుంది.

చరిత్ర

తొలినాటి కార్లు గుర్రపు బండ్ల వారసత్వంగా వచ్చిన చెక్క ఆకుల చక్రాల మీదే నడిచాయి. 20వ శతాబ్దం తొలి దశకంలో ఇంగ్లండ్‌లోని జోసెఫ్ శాంకీ సంస్థ రేకును ప్రెస్సులో నొక్కి చేసిన ఉక్కు చక్రాలను మార్కెట్లోకి తెచ్చింది. చెక్క చక్రానికి చెద, పగులు భయమైతే, ఉక్కు చక్రానికి తుప్పు భయం మొదలైంది. 1924లో వచ్చిన బుగాటి టైప్ 35 పందెం కారుతో పోత అల్యూమినియం చక్రం పేరుకెక్కింది. భారతదేశంలో చెన్నై కేంద్రంగా వీల్స్ ఇండియా సంస్థ 1960లో ఏర్పడింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కాలం నుంచి, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 మీదుగా, నేటి చిన్న కార్ల ప్రాథమిక మోడళ్ల వరకు ఉక్కు చక్రానిదే రాజ్యం. మధ్యలో మారింది దాని ముసుగు మాత్రమే: నాడు క్రోమ్ హబ్ క్యాప్, నేడు ప్లాస్టిక్ వీల్ కవర్.

పునరుద్ధరణలో వాడే పద్ధతులన్నీ కర్మాగారాల నుంచి వచ్చినవే. ఇసుకను వేగంగా చిమ్మి ఉపరితలాన్ని గీకే యంత్రానికి బెంజమిన్ టిల్గ్‌మన్ 1870లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఇనుము మీద ఫాస్ఫేట్ పొర ఏర్పరచి తుప్పును అడ్డుకునే పద్ధతికి థామస్ కోస్లెట్ 1906లో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. 1950ల తొలినాళ్లలో జర్మనీకి చెందిన ఎర్విన్ గెమ్మెర్ వేడి లోహాన్ని ప్లాస్టిక్ పొడిలో ముంచి పూత పట్టించే విధానాన్ని రూపొందించాడు. విద్యుదావేశంతో పొడిని చిమ్మే నేటి పౌడర్ కోటింగ్ ఆ తర్వాతి మెట్టు. 1960ల ఆరంభంలో ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూవర్ బృందం, రంగు కలిపిన నీటి తొట్టిలో లోహాన్ని ముంచి కరెంటు పంపి పూత పట్టించే పద్ధతిని వాహన పరిశ్రమకు అలవాటు చేసింది. ఈ రోజు కొత్త ఉక్కు చక్రం మీద కనిపించే పలుచని నల్ల పూత సాధారణంగా ఈ తరహాదే. సందుల్లోకి కూడా చొరబడగలగడం దాని గొప్పతనం. ఇంటి స్ప్రే డబ్బాకు ఆ శక్తి లేదు.

తుప్పు ఎలా పడుతుంది

ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ ఒకేసారి తగిలితేనే తుప్పు పడుతుంది. లోహం మీద తడి పొర ఉన్నప్పుడు ఒక చోట ఇనుము అయాన్లుగా మారి కరుగుతుంది. అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లను పక్కనున్న మరోచోట ఆక్సిజన్ అందుకుంటుంది. చివరికి మిగిలేది నీటితో కూడిన ఐరన్ ఆక్సైడ్, అదే ఎర్రటి తుప్పు. తడిలో ఉప్పు కలిస్తే అది విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది, చర్య వేగం పెరుగుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద చిన్న చుక్కగా మొదలైనది పొక్కుగా లేచి, పెచ్చుగా ఊడిపోవడానికి కారణం ఇదే. పైగా తుప్పు పొర స్పంజిలా తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి లోపలి ఇనుముకు అది అడ్డుకట్ట కాలేదు.

చక్రం విషయంలో దీనికి తోడయ్యేవి చాలా ఉన్నాయి. కంకర రాయి తగిలి రంగు చిట్లుతుంది. టైరు మార్చే యంత్రం దవడలు, ఇనుప కడ్డీలు అంచును గీస్తాయి. బ్రేకు వేసినప్పుడల్లా పోత ఇనుప బ్రేకు డిస్క్ నుంచి, ప్యాడ్ల నుంచి రేగిన వేడి ఇనుప రేణువులు చక్రానికి అంటుకుని, అక్కడే తుప్పు పట్టి గోధుమరంగు మచ్చలవుతాయి. ఇలాంటి మచ్చ చక్రం తుప్పు కాకపోవచ్చు. థయోగ్లైకోలేట్ లవణాలున్న ఐరన్ రిమూవర్ చల్లితే ఈ రేణువులు ఊదారంగు తిరిగి కరిగిపోతాయి. అంతటితో మచ్చ పోయి కింద రంగు చెక్కుచెదరకుండా కనిపిస్తే చక్రానికి కొత్త రంగు అక్కరలేదు.

వాతావరణం పాత్ర పెద్దది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు తీరంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్లలో ఉప్పుగాలి, ఉక్క కలిసి ఉక్కును త్వరగా తింటాయి. హైదరాబాదు, అనంతపురం వంటి లోనాడు పట్టణాల్లో అదే చక్రం ఎక్కువ కాలం మన్నుతుంది. ఉత్తర అమెరికాలో కథ మరోలా ఉంటుంది. మంచు కరగడానికి అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 2008 నుంచి చలికాలపు టైర్లు తప్పనిసరి. అల్లాయ్ చక్రాలను ఉప్పు నుంచి కాపాడుకోవడానికి చాలామంది చలికాలపు టైర్లను విడిగా ఉక్కు చక్రాలకు ఎక్కించి ఉంచుకుంటారు. అక్కడి తెలుగు కుటుంబాలకు కూడా రిమ్ముల తుప్పు వసంతం రాగానే ఎదురయ్యే పనే.

అల్యూమినియంకు ఎర్ర తుప్పు పట్టదు. దాని మీద సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర పలుచగా, గట్టిగా ఉండి లోహాన్ని కాపాడుతుంది. కానీ పైనున్న పారదర్శక పూత చిట్లి లోపలికి ఉప్పు నీరు దిగితే, పూత కింద వెంట్రుకల్లాంటి తెల్లటి గీతలు పాకుతాయి. ఉక్కు హబ్, ఉక్కు బ్యాలెన్సింగ్ తూకాలు తగిలే చోట రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది.

ముందస్తు పరిశీలన

పనికి దిగేముందు చక్రాన్ని విప్పి, కడిగి, రెండు వైపులా చూడాలి. తుప్పును మూడు తరగతులుగా విడదీయడం అనుకూలం. గోరుతో రుద్దితే రాలే ఎర్రటి పొడి పైపై తుప్పు. పొలుసులుగా లేచేది ముదిరిన తుప్పు. పొలుసు తీశాక లోహంలో గుంటలు కనిపిస్తే ఉక్కు మందం తగ్గడం మొదలైందని అర్థం. మొదటి రెండూ బాగుపడతాయి. మూడోదానికి తీర్పు గుంటల లోతును, అవి ఉన్న చోటును బట్టి ఉంటుంది. ముఖభాగం మధ్యలో ఉన్న చిన్న గుంట అందానికి లోపం. వెల్డింగ్ వెంట, నట్ల గుంటల చుట్టూ, రిమ్ము అంచున ఉంటే అది బలానికి లోపం.

పగులు కనిపించిన చక్రం, నట్టు రంధ్రాలు కోలగా అరిగిన చక్రం, అంచు మెలితిరిగిన చక్రం, తుప్పుకు చిల్లు పడిన చక్రం బాగుచేయదగినవి కావు. పగులును వెల్డింగ్‌తో మూసి, పుట్టీ పెట్టి, రంగు వేస్తే కంటికి కొత్తదిగానే కనిపిస్తుంది. ప్రమాదం మాత్రం దాని కింద అలాగే ఉంటుంది. కొత్త చక్రాలను మలుపుల్లో వచ్చే వంపు బలానికీ, రోడ్డు మీద దొర్లేటప్పటి బరువుకీ లక్షల ఆవృతుల అలసట పరీక్షలకు గురిచేసి ఆమోదిస్తారు. రోడ్డు పక్కన వెల్డ్ చేసిన చక్రానికి ఆ పరీక్ష ఎవరూ చేయరు. సాధారణ ఉక్కు చక్రం ధర తక్కువే కాబట్టి అనుమానం ఉంటే మార్చేయడమే మేలు.

ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగకపోయినా నాలుగు రోజులకోసారి గాలి తగ్గుతుంటే బీడ్ ఆనే పట్టీ మీద తుప్పును అనుమానించాలి. టైరు అంచు చుట్టూ సబ్బు నీళ్లు పోస్తే బుడగలు వస్తాయి. పంక్చర్ షాపుల్లో బీడ్ సీలర్ పూసి తాత్కాలికంగా ఆపుతారు. టైరు విప్పి ఆ పట్టీని నున్నగా శుభ్రం చేయడమే అసలు పరిష్కారం.

తుప్పు తొలగింపు

ముందు జిడ్డు వదిలించాలి. గ్రీజు, టైరు పాలిష్‌లోని సిలికోన్ ఉండగా గరుకు కాగితం పడితే అవి గీతల్లోకి రుద్దుకుపోతాయి, తర్వాత వేసిన రంగు ఆ చోట పగిలినట్టు విడిపోతుంది. డిటర్జెంట్‌తో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో తుడవాలి.

యాంత్రిక పద్ధతుల్లో వైర్ బ్రష్, గ్రైండర్‌కు బిగించే కప్ బ్రష్, ఎమరీ కాగితాలు ముఖ్యమైనవి. ముదిరిన తుప్పుకు 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి, 120, 240 మీదుగా 320 వరకు దిగుతారు. ప్రతి కాగితమూ ముందరి దాని గీతలను తుడిచేయాలి. నంబర్లు దాటేస్తే ఆ గీతలు రంగు కింద నుంచి కనిపిస్తాయి. గట్టిగా అంటుకున్న పాత రంగును పూర్తిగా గీకేయనక్కరలేదు. దాని అంచును వేలికి తగలనంత వాలుగా దిద్దితే చాలు. గ్రైండింగ్ రాయితో మాత్రం ఉక్కును కోయకూడదు. తుప్పుతో పాటు మంచి లోహం కూడా పోతుంది.

రసాయన పద్ధతుల్లో ఆమ్లాలు తుప్పును కరిగిస్తాయి, కన్వర్టర్లు దాన్ని మారుస్తాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మార్చి, రంగు పట్టుకునే పొరను మిగులుస్తుంది. టానిక్ ఆమ్లమున్న కన్వర్టర్ పూస్తే ఎర్రని తుప్పు నీలినలుపు ఐరన్ టానేట్ అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు ఈ నలుపు బాగా తెలుసు: కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రావణంతో గీస్తే పడే నల్లగీత కూడా కరక్కాయలోని టానిన్‌కు, ఇనుముకు జరిగిన చర్యే. కన్వర్టర్ పలుచని, గట్టిగా అంటి ఉన్న తుప్పు మీదే పనిచేస్తుంది. లేచిన పొలుసుల మీద పూస్తే పై పొర నల్లబడుతుంది, కింద తుప్పు యథావిధిగా సాగుతుంది. మరుగుదొడ్లు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ తుప్పును చురుగ్గా తింటుంది కానీ మంచి ఉక్కునూ వదలదు. మిగిలిన క్లోరైడ్ మళ్లీ తుప్పుకు విత్తనమవుతుంది. వీల్ నట్లు, స్టడ్లు ఎక్కువ బలమున్న ఉక్కుతో చేసినవి. వాటిని యాసిడ్‌లో ముంచితే హైడ్రోజన్ లోహంలోకి చేరి పెళుసుబారే ప్రమాదముంది.

విద్యుత్ పద్ధతి తీరిక, ఓపిక ఉన్నవారికి అనుకూలం. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో 4 లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా కలిపి, చక్రాన్ని 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ రుణ ధ్రువానికీ, పాత ఇనుప పలకను ధన ధ్రువానికీ కలుపుతారు. కొన్ని గంటల్లో తుప్పు నల్లటి మడ్డిగా మారి బ్రష్‌కు ఊడివస్తుంది. మంచి ఉక్కు అరగదు. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీల్ వాడితే విషపూరితమైన షడ్సంయోజక క్రోమియం ద్రావణంలోకి చేరుతుంది, కాబట్టి వాడకూడదు. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక పని ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. అల్యూమినియం చక్రానికి ఈ పద్ధతి పనికిరాదు. క్షార ద్రావణంలో ఆ లోహమే కరుగుతుంది.

వర్క్‌షాపుల్లో ప్రధాన సాధనం బ్లాస్టింగ్. గాలి ఒత్తిడితో గరుకు రేణువులను చిమ్మితే తుప్పు, రంగు రెండూ పోయి, వెల్డింగ్ మూలలు కూడా శుభ్రపడతాయి. రంగు పట్టుకోవడానికి కావలసిన సన్నని గరుకుదనమూ వస్తుంది. రేణువుగా గార్నెట్, అల్యూమినియం ఆక్సైడ్, ఉక్కు గుళికలు వాడతారు. శ్రీకాకుళం తీరపు ఇసుకలో సహజంగా దొరికే ఖనిజాల్లో గార్నెట్ ఒకటి. అల్లాయ్ చక్రాలకు గాజు పూసల వంటి మెత్తని రేణువులు నయం.

ఇంటి దగ్గర రంగు వేయడం

తుప్పు తీసిన ఉక్కు గంటల్లోనే మళ్లీ ఎర్రబడడం మొదలుపెడుతుంది. అందుకే శుభ్రం చేసిన రోజే ప్రైమర్ పడాలి. నీటితో కడిగితే వెంటనే గాలి పట్టి, ఎండలో ఆరబెట్టాలి.

పూతలో మూడు పొరలుంటాయి. లోహాన్ని పట్టుకునేది ప్రైమర్, రంగునిచ్చేది మధ్య పొర, రెండింటినీ కాపాడేది క్లియర్ కోట్. ప్రైమర్లలో ఎపాక్సీ రకం తడిని బాగా అడ్డుకుంటుంది. జింక్ రకంలో జింక్ తాను ముందు తుప్పుపడి ఉక్కును కాపాడుతుంది, అయితే అది నేరుగా శుభ్రమైన ఉక్కుకు తగిలితేనే ఆ ఫలితం. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కిటికీ చువ్వలకు సరిపోతుంది కానీ రాళ్ల దెబ్బలు, బ్రేకు వేడి తట్టుకోవాల్సిన చక్రానికి ఎపాక్సీతో సాటిరాదు. చిన్న గుంటలను పుట్టీతో పూడ్చవచ్చు. మందంగా పెడితే వేడికి, కుదుపులకు అది ఊడివస్తుంది.

టైరు విప్పించి పనిచేయడం ఉత్తమం. వీలు కానప్పుడు గాలి తీసేసి, టైరుకు, రిమ్ము అంచుకు మధ్య పేక ముక్కలు వరసగా దోపితే రంగు రబ్బరుకు అంటదు. డబ్బాను 20-30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా కదిలిస్తూ, పలుచని పొరలు వేయాలి. పొరకూ పొరకూ మధ్య డబ్బా మీద రాసిన వ్యవధి పాటించాలి. ఒకేసారి నిండుగా కొడితే రంగు ధారలు కట్టి, లోపల థిన్నర్ చిక్కుకుని, నెలలు గడిచినా మెత్తగానే ఉంటుంది. గాలిలో తేమ 85 శాతం దాటినా, లోహం ఉష్ణోగ్రత మంచుబిందు స్థానానికి కనీసం 3 డిగ్రీలు పైన లేకపోయినా రంగు వేయకూడదనేది పూతల పరిశ్రమ పాటించే నియమం. అందువల్ల కోస్తాలో వానాకాలపు ఉదయాలు ఈ పనికి పనికిరావు. ముసురు లేని రోజున ఎండెక్కాక నీడపట్టున వేసుకోవాలి.

వర్క్‌షాపు విధానం

పౌడర్ కోటింగ్‌కు ముందు టైరు, వాల్వ్, గాలి ఒత్తిడి సెన్సర్, తూకాలు అన్నీ తీసేస్తారు. పాత రంగును రసాయనంతోనో బ్లాస్టింగ్‌తోనో వదిలిస్తారు. విజయవాడ, విశాఖ, హైదరాబాదు ఆటోనగర్‌ల వంటి పారిశ్రామిక వాడల్లో కోటింగ్ యూనిట్లతో మాట్లాడేటప్పుడు 'సెవెన్ ట్యాంక్' ప్రక్రియ ఉందో లేదో అడగడం మంచిది. జిడ్డు వదిలించడం, కడగడం, తుప్పు తీయడం, మళ్లీ కడగడం, ఫాస్ఫేటింగ్, కడగడం, చివరి రక్షణ ముంపు వరసగా సాగే పద్ధతి ఇది. ఉక్కు మీద ఫాస్ఫేట్ పొర ఉంటే పౌడర్ గట్టిగా పట్టుకుంటుంది, చిట్లిన చోట తుప్పు పక్కలకు పాకదు.

పౌడర్ అంటే రెసిన్, గట్టిపరచే పదార్థం, రంగు కలిపి నూరిన పొడి. గన్ నుంచి అధిక వోల్టేజి ఆవేశంతో వెలువడి, ఎర్త్ చేసిన చక్రానికి అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో సుమారు 180-200 డిగ్రీల వద్ద కరిగి, పరచుకుని, గట్టిపడుతుంది. మందం సాధారణంగా 60-80 మైక్రాన్లు. థిన్నర్ ఉండదు కాబట్టి ఆవిర్ల బెడద తక్కువ. రాళ్ల దెబ్బలకు మామూలు రంగు కన్నా బాగా ఓర్చుకుంటుంది. లోపాలూ లేకపోలేదు. చిట్లిన చోట చిన్నగా దిద్దుకోవడం కష్టం. లోతైన సందుల్లోకి పొడి సరిగా వెళ్లదు. ఒకసారి గట్టి పూత కింద తుప్పు మొదలైతే పొర పెచ్చుగా లేచేదాకా బయటపడదు. ఎపాక్సీ పౌడర్ ఎండకు తెల్లబారుతుంది కాబట్టి చక్రాలకు పైపొరగా పాలిస్టర్ రకం అడగాలి.

అల్లాయ్ చక్రాల ప్రత్యేకతలు

అల్లాయ్ చక్రాలను పదేపదే ఎక్కువ వేడిలో పెట్టకూడదు. ఉష్ణ చికిత్స ఇచ్చిన బలం తగ్గకుండా వాటికి తక్కువ ఉష్ణోగ్రతలో గట్టిపడే పౌడర్ వాడి, ఓవెన్ సమయాన్ని కచ్చితంగా పాటించాలి. మెరిసే ముఖాన్ని లేత్ మీద చెక్కి తీర్చే డైమండ్ కట్ చక్రాల్లో ప్రతిసారీ కొంత లోహం పోతుంది. కాబట్టి ఈ పని కొద్దిసార్లే సాధ్యం. వంగిన చక్రాన్ని వేడిచేసి తిన్నగా చేయడం, విరిగిన చోట లోహం నింపడం జర్మనీలో అనుమతించరు. పైపై గీతలను దిద్దడం వరకే అక్కడ ఒప్పుకుంటారు. మన దేశంలో వీధి చివర దుకాణాల్లో సైతం ఈ పనులు జరుగుతుంటాయి, అందువల్ల సెకండ్ హ్యాండ్ అల్లాయ్ చక్రాలు కొనేటప్పుడు లోపలి వైపు వెల్డింగ్ గుర్తులు, కొత్త పుట్టీ ఉన్నాయేమో చూడాలి.

పూత పడకూడని చోట్లు, తిరిగి బిగింపు

నట్ల గుంటల్లో, హబ్‌కు ఆనే ముఖం మీద మందమైన పూత ఉంటే కారు నడుస్తుండగా ఆ పొర నలిగి పలుచబడుతుంది. నలిగిన మేరకు నట్ల బిగువు సడలుతుంది. చక్రం ఊడిపోవడానికి ఇదొక దారి. లారీ చక్రాల పరిశ్రమ ఈ ఆనిక ముఖాల మీద మొత్తం పూత 3.5 మిల్స్, అంటే సుమారు 90 మైక్రాన్లు దాటకూడదని చెబుతుంది. పౌడర్ ఒక పొరే 60-80 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి కోటింగ్‌కు ముందే ఈ చోట్లను వేడికి తట్టుకునే టేపుతో, సిలికోన్ బిరడాలతో మూయించాలి. బీడ్ పట్టీ మీద పలుచని, నున్నటి పూత ఉండవచ్చు. ధారలు, గడ్డలు ఉండకూడదు.

హబ్ మీది తుప్పును బ్రష్‌తో తీసి చక్రం ఎక్కించాలి. నట్లను ముందు చేత్తో, తర్వాత ఎదురెదురుగా ఒకటొకటి బిగించాలి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో కారు మాన్యువల్ చెప్పిన అంకెకే ఉండాలి. చాలా కార్లలో ఇది 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కంపెనీ చెప్పకుండా స్టడ్లకు గ్రీజు పూయకూడదు. ఘర్షణ తగ్గి, అదే టార్క్‌కు స్టడ్ అధికంగా సాగుతుంది. కొత్త పూత వేసిన చక్రాలకు 50-100 కిలోమీటర్లు నడిపాక బిగువు మళ్లీ చూసుకోవాలి. పూత బరువు అంతటా సమానంగా ఉండదు కాబట్టి వీల్ బ్యాలెన్సింగ్ తప్పదు. ట్యూబ్‌లెస్ వాల్వ్‌ను కూడా అప్పుడే మార్చడం మంచిది.

ఆరోగ్యం, పర్యావరణం

మామూలు ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే రేగే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే నయంకాని జబ్బు తెస్తుంది. పోత వస్తువులను శుభ్రపరచడానికి ఇసుక వాడకాన్ని బ్రిటన్ 1949 నాటి నిబంధనలతో నిషేధించింది. గట్టిపరచే ద్రవం కలిపి వాడే 2కె రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఉబ్బసానికి దారితీస్తాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. తగిన గాలి ఏర్పాటున్న స్ప్రే బూత్ లేనివారు 2కె రంగులకు దూరంగా ఉండాలి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్ల ఆవిరి మూసిన గదిలో ప్రాణం తీయగలదు. అమెరికా వాటిని ఇంటి వాడకానికి అమ్మడాన్ని 2019లో నిషేధించింది. గ్రైండర్‌కు బిగించిన వైర్ బ్రష్ నుంచి తీగలు సూదుల్లా ఎగురుతాయి, కళ్లద్దాలు లేకుండా దాన్ని ఆన్ చేయకూడదు. చక్రం విప్పినప్పుడు కారును జాకీ మీదే వదలకుండా స్టాండ్ల మీద ఆనించాలి. రంగు మడ్డి, వాడిన యాసిడ్ మురుగు కాలువలోకి పోకూడదు. పరిశ్రమల్లో ఇలాంటి వ్యర్థాలకు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి.

ఎంపిక, సంరక్షణ

పైపై తుప్పు, పాత కారు, వీల్ కవర్ కింద దాగే చక్రం అయితే ఇంటి పని సరిపోతుంది. స్టెప్నీతో మొదలుపెడితే చెయ్యి కుదురుకుంటుంది, తొందరా ఉండదు. పొలుసుల తుప్పు నాలుగు చక్రాలకూ పట్టినా, తీర ప్రాంతంలో ఏళ్ల తరబడి నిలవాలన్నా బ్లాస్టింగ్, ఫాస్ఫేటింగ్, పౌడర్ కోటింగ్ చేయించుకోవడం లాభం. ఆ ఖర్చు కొత్త ఉక్కు చక్రాల ధరకు దగ్గరపడితే కొత్తవి కొనడమే తెలివి. పాత మోడల్ కార్లకు అసలు చక్రాలు దొరకనప్పుడు, ఖరీదైన అల్లాయ్ చక్రాల విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది.

పూత వేశాక కొన్ని రోజులు దాన్ని గట్టిపడనివ్వాలి. ఆ తర్వాత వేడి మీదున్న చక్రం మీద చన్నీళ్లు కొట్టకుండా, చల్లారాక తేలికపాటి సబ్బుతో కడగాలి. నెలకోసారి వీల్ కవర్ తీసి వెనక చేరిన బురదను కడిగి ఆరనివ్వాలి. సముద్రపు ఒడ్డున తిరిగొచ్చిన కారుకు అదే రోజు మంచినీటి స్నానం అవసరం. రాయి తగిలి రంగు చిట్లితే ఆ చుక్కను గీకి, ప్రైమర్, రంగు అద్దాలి. ఏటా చేసే టైర్ల మార్పిడి, బ్యాలెన్సింగ్ సమయంలో చక్రం లోపలి ముఖాన్ని, బీడ్ పట్టీని, నట్ల గుంటలను ఒకసారి చూడమని అడగడానికి ఖర్చేమీ కాదు. తర్వాతి పునరుద్ధరణ ఎప్పుడు అవసరమో ముందే తెలుస్తుంది.